జువ్విచెట్టుకి రెండో గోడ

గోదావరికి ఎగువన కొండల్లో ఒక అడవి ఉంది. అక్కడ వాన వెలిశాక కూడా ఇంకో పూట ఆకుల మీంచి వాన పడుతూనే ఉంటుంది. ఆ అడవి నడిమధ్యన, జల్లులవాగు ఒడ్డున, ఒక పెద్ద జువ్విచెట్టు. ఎంత పెద్దదంటే, దాని పై కొమ్మల్లో కాపురముండే పచ్చపావురాలకీ, కింద వేళ్ల మధ్య పడుకునే ముళ్లపందికీ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ముఖపరిచయం లేదు.

మండువేసవిలో అడవిలో మిగతా చెట్లన్నీ చేతులెత్తేసేవి. అప్పుడు కాసేది జువ్వి ఒక్కటే. పైన పావురాలూ చిలుకలూ, నడుమ కొండముచ్చులూ బెట్టుడుతలూ, రాలినవి ఏరుకోడానికి కింద కొండగొర్రెలూ ఎలుగుబంట్లూ. అందరికీ అదే అన్నం. అందుకని ఆ చెట్టుకి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరైనా కడుపునిండా తినొచ్చు. మూట కట్టుకుని పోకూడదు.

ఈ కట్టుబాటుతో బొత్తిగా సంబంధం లేనివాడు ఒకడుండేవాడు. వడ్రంగిపిట్ట బుచ్చులు. చీమలూ చెదపురుగులూ తప్ప పండు ముట్టేవాడు కాదు. కానీ చెట్టు మీద ఉన్న తొర్రల్లో ముప్పాతిక వంతు అతను తొలిచినవే. ఏటేటా ఒక కొత్త ఇల్లు తొలవడం, పిల్లలు ఎగిరిపోగానే వదిలేయడం అతని అలవాటు. వదిలేసిన ఇళ్లలో మైనాలు చేరేవి, గుడ్లగూబలు చేరేవి, ఉడుతలు చేరేవి. అద్దె మాట దేవుడెరుగు, ఇల్లు బాగుందని ఒక్క మాట అన్న పాపాన కూడా ఎవరూ పోలేదు. పైగా "పొద్దున్నే ఏమిటా గోల!" అని తిట్టేవాళ్లు. బుచ్చులుకి ఈ విషయం లోపల్లోపల బాగా గుచ్చుకుంటూ ఉండేది. పనిమంతుడికి కూలి లేకపోయినా ఫరవాలేదు, మాట లేకపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. జువ్వి కాపు పలచబడింది. సరిగ్గా అప్పుడే ఉడుము పట్టాభి సభ పెట్టించాడు.

పట్టాభి అంటే చెట్టుకి కాపలావాడు. ఎవరూ పెట్టలేదు, వాడే పెట్టుకున్నాడు. మొదలు నుంచి కొస దాకా రోజంతా మానుని కరుచుకుని ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. వాడుంటే పాములు ఇటు తొంగిచూడవన్న మాట నిజమే. అందుకని అందరూ వాడి మాటకి విలువిచ్చేవాళ్లు.

"నేను ఒకరి మీద చాడీలు చెప్పే రకం కాదండి," అని మొదలుపెట్టాడు పట్టాభి, చీలిన నాలుక ఒకసారి బయటికీ లోపలికీ ఆడించి. "కానీ కాపలావాణ్ణి, చూస్తూ ఊరుకోలేను. ఆ కొమ్ముముక్కు పిట్ట గంగులు రోజుకి ఎన్నిసార్లు వస్తున్నాడో ఎవరైనా గమనించారా? గొంతు ఉబ్బిపోయేదాకా పండ్లు మింగుతాడు. ఎటో చుట్టూ తిరిగొచ్చి, చెట్టు వెనక్కి, కొండవైపుకి వెళ్తాడు. కాసేపటికి గొంతు ఖాళీ!"

"అవునమ్మా, నేనూ చూశాను," అంది బెట్టుడుత చిట్టెమ్మ. ఆవిడ చూడని విషయం అడవిలో ఉండేది కాదు, చూసిన విషయం నోట్లో ఉండేది కాదు.

"ఇంకో సంగతి. అంత తిన్నవాడు లావెక్కాలా వద్దా? వాడు రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. అంటే ఏమిటండీ అర్థం? తినడం లేదు. దాస్తున్నాడు! కొండవైపు తొర్రకి మట్టితో గోడ కట్టి ఉంది. మధ్యలో సన్నటి సందు. ఏమిటా అని నేను గోకి చూశాను. నా గోళ్లు అరిగాయి కానీ గోడ అరగలేదు."

కొమ్మల మీద కలకలం రేగింది. కొండముచ్చుల పెద్ద వీరాసామి నల్లమూతి బిగించాడు. ఆయన న్యాయం తెలిసినవాడే. కానీ ఆయన వెనక ఇరవై మంది ఆకలి మొహాలు కూర్చుని ఉన్నాయి.

గంగుల్ని పిలిపించారు. పెద్ద గొంతూ, ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టు కొమ్మూ, పైకి చాలా దర్జాగా కనిపించేవాడు గానీ మాటల్లో ఉత్త అమాయకుడు.

"ఆ తొర్రలో ఏముందయ్యా గంగులూ?" అని అడిగాడు వీరాసామి.

"నేను చెప్పకూడదండి."

"అంటే దాచావన్న మాటేగా?"

"దాచానండి. కానీ మీరనుకుంటున్నది కాదండి."

"మరైతే చెప్పు!"

గంగులు తల దించుకున్నాడు. వాళ్ల కులంలో ఒక ఆచారం ఉంది. లోపలి పని పూర్తయ్యేదాకా గోడ వెనక ఏముందో మగవాడు నోటితో అనకూడదు. అంటే కీడు జరుగుతుందని వాళ్ల నమ్మకం. పాపం, తాత చెప్పాడు, తండ్రి పాటించాడు, గంగులు నమ్మాడు. అంతకు మించి అతనికి తెలీదు.

"చూశారా!" అన్నాడు పట్టాభి. "గోడ పగలగొట్టించండి. అందరి పండ్లూ అందరికీ వస్తాయి. అయితే ఆ గోడని పగలగొట్టగలిగింది ఈ అడవి మొత్తం మీద ఒక్కరే." అని బుచ్చులు వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టాడు. "మేస్త్రీ గారూ! ఈ చెట్టు మీద ఇన్ని ఇళ్లు లేపిన చెయ్యి మీది. ఈ ఒక్క పనీ మీవల్లే అవుతుంది."

మేస్త్రీ గారూ! బుచ్చులు పుట్టి ఇన్నేళ్లయింది, ఎవరి నోటా ఆ మాట వినలేదు. నెత్తి మీది ఎర్రజుట్టు దానంతటదే లేచి నిలబడింది.

"రేపు పొద్దున, ఎండ మొదటి కొమ్మ మీద పడేసరికి గోడ నేల మీద ఉంటుంది," అనేశాడు. అనేముందు ఒక్క క్షణం ఆలోచించాడా అంటే, లేదు.

"అప్పటిదాకా గంగులు చెట్టు మీద వాలడానికి వీల్లేదు," అని వీరాసామి తీర్పు చెప్పాడు. గంగులు వాగు అవతల ఎండు కొమ్మ మీదకి పోయి కూర్చున్నాడు. మొహం ఇటే పెట్టుకుని కూర్చున్నాడు.

బుచ్చులుకి పనిలో ఒక పద్ధతి ఉంది. ఒప్పుకున్న పని ఏదైనా సరే, ముందురోజే వెళ్లి చెక్కని పలకరించి వస్తాడు. నాలుగు దెబ్బలు కొట్టి చెవి ఆనించి వింటాడు. లోపల గట్టిగా ఉందా, పుచ్చిందా, ఎంత లోతు, అంతా ఆ చప్పుడే చెబుతుంది. ఆ మధ్యాహ్నం కూడా అలాగే కొండవైపుకి వెళ్లి గోడ మీద మూడుసార్లు కొట్టాడు.

లోపల్నుంచి ఎవరో మూడుసార్లు కొట్టారు.

బుచ్చులు పట్టు తప్పి కిందపడబోయి నిలదొక్కుకున్నాడు.

"ఎవరండీ?" అంది లోపల్నుంచి ఒక ఆడగొంతు. "మా ఆయన ఒక్కసారే కొడతారు. మీరెవరు?"

"నేనమ్మా... బుచ్చులుని. వడ్రంగిని."

"మేస్త్రీ బాబాయా!" ఆ గొంతులో భయం పోయింది. "నేను గంగులు గారి ఇంటిదాన్ని బాబాయ్, నీలాల్ని. ఈ ఇల్లు మొదట తొలిచింది మీరేనట కదా! ఎంత బాగా తొలిచారు బాబాయ్. వాన జల్లు లోపలికి రాదు. ఎండ మొహాన కొట్టదు. గాలి మాత్రం సన్నగా వస్తూనే ఉంటుంది. పిల్లలు హాయిగా పడుకుంటున్నారు."

ఇన్నేళ్లలో ఇల్లు బాగుందని చెప్పిన మొదటి మనిషి ఇదిగో గోడ అవతల ఉంది. రేపు పొద్దున ఆ గోడే తను పగలగొడతానని నలుగురిలో మాటిచ్చి వచ్చాడు.

"పిల్లలా అమ్మా?" అన్నాడు.

"ఇద్దరు. ఇంకా ఈకలు రాలేదు. మా ఆచారం మీకు తెలీదు కదూ? గుడ్లు పెట్టేముందు మేం లోపల కూర్చుని గోడ కట్టేసుకుంటాం. మా ఆయన మట్టి మోసుకొచ్చి ఇచ్చారు, నేను కట్టుకున్నాను. పిల్లలు ఎదిగేదాకా నేను బయటికి రాను. ఆయన తెచ్చి ఈ సందులోంచి నోట్లో పెడితేనే మా ముగ్గురికీ తిండి."

"మధ్యలో బయటికి రావాల్సి వస్తేనో?"

"ఎలా వస్తాను బాబాయ్? రెక్కల ఈకలన్నీ రాల్చేసి పిల్లల కింద పరిచేశాను. గోడ ఊడిందంటే నేను ఎగరలేను, వాళ్లని మోయలేను." గొంతు తగ్గించింది. "రోజూ ఎవరో ఒకాయన వచ్చి గోడ గోకుతున్నాడు. నిన్నైతే సందులోంచి నాలుక లోపలికి పెట్టాడు. రెండు చీలికల నాలుక. మా ఆయనకి చెప్పలేదు. చెబితే తిండికి వెళ్లకుండా ఇక్కడే కాపలా కూర్చుంటారు, పిల్లలు ఆకలితో ఏడుస్తారు. మీరూ ఎవరితోనూ అనకండి బాబాయ్. గోడ వెనక ఎవరున్నదీ నలుగురి నోళ్లలో పడకూడదు."

"అననమ్మా."

"ఇంకో మాట. పొద్దుటి నుంచీ ఆయన రాలేదు. మీకేమైనా కనబడ్డారా? ఒంట్లో బాగానే ఉందా?"

బుచ్చులు వాగు అవతలి ఎండు కొమ్మ వైపు చూశాడు. గంగులు కదలకుండా అలాగే కూర్చుని ఉన్నాడు.

"బాగానే ఉన్నాడమ్మా. ఏదో పని పడింది. నన్ను పండ్లిచ్చి రమ్మన్నాడు," అని అబద్ధం ఆడేశాడు. తరవాత దాన్ని నిజం చెయ్యడానికి బయల్దేరాడు.

చిన్న ముక్కు. ఒక్కసారికి ఒక్క పండే పడుతుంది. చెట్టు ముందువైపు నుంచి వెనకవైపుకి, వెనకవైపు నుంచి ముందువైపుకి తిరిగి తిరిగి బుచ్చులుకి రెక్కలు పడిపోయాయి. సందులోంచి లోపలికి అందించిన ప్రతిసారీ రెండు చిన్న గొంతులు కీచుమనేవి, అంతలోనే ఇంకా కావాలని ఏడ్చేవి. ఈ పని గంగులు రోజూ చేస్తున్నాడు. తను తినకుండా చేస్తున్నాడు. చిక్కిపోక ఏం చేస్తాడు? బుచ్చులుకి సిగ్గుతో తల తీసేసినట్టయింది.

"మేస్త్రీ గారూ, మీరు పండ్లు ఎప్పట్నుంచీ?" అని చిట్టెమ్మ తోక ఊపుకుంటూ దారికి అడ్డం వచ్చింది.

"చీమలు తిని తిని నోరు చచ్చిపోయిందమ్మా," అని తప్పించుకున్నాడు.

ఆ సాయంత్రం బుచ్చులు మానుకి అంటుకుని కూర్చుని ఆలోచించాడు. గోడ కూలుస్తానని సభకి మాటిచ్చాడు. గోడ సంగతి ఎక్కడా చెప్పనని నీలాలుకి మాటిచ్చాడు. పోనీ అందరికీ నిజం చెప్పేస్తే? పట్టాభి ఊరుకుంటాడా! "కొంచెం పగలగొట్టి చూద్దాం, నిజమో కాదో తెలుస్తుంది," అంటాడు. ఆకలితో ఉన్నవాళ్లు సరే అంటారు. ఆ కొంచెం చాలు పట్టాభికి. వాడు మాను మీదే ఉంటాడు కదా, కాపలావాడు!

చివరికి లేచి పట్టాభి దగ్గరికే వెళ్లాడు.

"చూడు పట్టాభీ, నీకైతే చెబుతున్నాను," అన్నాడు పక్కన చేరి. "ఆ గోడతో నిజానికి పనే లేదు. వాగువైపు పైన ఒక పాత తొర్ర ఉంది, నేను తొలిచిందే, నోరు తెరిచే ఉంది. అందులోంచి లోలోపలే కిందిదాకా దిగిపోవచ్చు. కానీ నలుగురి ముందూ గోడ పగలగొడితేనే కదా నాకు పేరు! అందుకని ఆ దారి మాట ఎత్తలేదు. నువ్వూ ఎత్తకు."

"అబ్బే, నాకెందుకండీ ఆ గొడవ," అన్నాడు పట్టాభి. కానీ నాలుక ఒకటికి రెండుసార్లు బయటికొచ్చి వెళ్లింది. నలుగురి ముందు గోడ పడితే నలుగురి ముందు నోరు కట్టుకోవాలి. పైదారిన ఒక్కడే దిగితే? లోపలున్నదంతా ఒక్కడికే!

నిజానికి ఆ పాత తొర్రకి కిందికి దారీ లేదు, డొంకా లేదు. నోరు ఇరుకు, లోపల కుండంత వెడల్పు, అంతే. ఆ సంగతి తొలిచినవాడికి తప్ప ఇంకొకరికి తెలీదు.

తెల్లవారుతుండగానే బుచ్చులు వాగు దాటి గంగులు దగ్గరికి వెళ్లాడు.

"ఇంట్లో అందరూ క్షేమం. నిన్న కడుపునిండా తిన్నారు," అన్నాడు ముందుగా. గంగులు కళ్లు చెమ్మగిల్లాయి. ఎలా తెలిసిందని కూడా అడగలేదు. "ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. వాగు గట్టున బంకమట్టి ఉంది కదా, ముద్దలు చేసి చెట్టు మొదట్లో పెట్టు. ఎందుకని అడక్కు." ఆ మాట అని తనే వెళ్లి ఒక ఎండు కొమ్మ మీద వాలి, మంచి చేవ ఉన్న ముక్క చూసుకుని టకటకా కొట్టి, అటూ ఇటూ చెక్కి, పాత తొర్ర నోటికి సరిపడా ఒక బిరడా తయారుచేశాడు. ఆ పొద్దు అతని గోలని ఎవరూ తిట్టలేదు. అందరికీ గోడ ఎప్పుడు పడుతుందా అన్న ధ్యాసే.

ఎండ మొదటి కొమ్మ మీద పడింది. అడవంతా కొండవైపు చేరింది. పిల్లల్ని భుజాలకెత్తుకుని మరీ వచ్చారు కొండముచ్చులు. కింద ఎలుగుబంటి పండ్లు పడతాయని నోరు తెరిచే పెట్టుకుని కూర్చుంది. బుచ్చులు గోడ మీద వాలాడు. ముక్కు ఎత్తాడు. మళ్లీ దించాడు.

"ఏమయ్యా, ఆగావేం?" అన్నాడు వీరాసామి.

"పని మొదలుపెట్టేముందు ఫిర్యాదు చేసినాయన ఎదురుగా ఉండాలండి. అది పద్ధతి. మన కాపలాదారు ఏరీ?"

అందరూ అటూ ఇటూ చూశారు. పట్టాభి లేడు. చిట్టెమ్మ చెట్టు చుట్టూ ఒక పరుగు పెట్టి వాగువైపు నుంచి కేక పెట్టింది. "ఇదిగో, ఇక్కడ తోక!"

పై తొర్రలోంచి జానెడు తోక వేలాడుతోంది. మిగతా పట్టాభి మొత్తం లోపల ఉన్నాడు.

"వాడికి అక్కడేం పని?" అన్నాడు వీరాసామి.

"అదే నేనూ అడుగుతున్నానండి," అన్నాడు బుచ్చులు. "ఈ చెట్టు మీద ఉడుము పండు తినగా ఎవరైనా చూశారా? పోనీ వాళ్ల నాన్న తినగా చూశారా? దాచింది పండ్లే అయితే వాడికెందుకండీ అంత ఆత్రం? అసలు ఉడుము తొర్రలో దూరేది దేనికోసం?"

ఒక కొండముచ్చు తల్లి బిడ్డని గుండెకి అదుముకుంది.

"గుడ్లకోసం," అంది చిట్టెమ్మ చిన్న గొంతుతో. "పిల్లలకోసం."

వీరాసామికి విషయం బోధపడింది. పెద్దవాళ్లకి కోపం ఆలస్యంగా వస్తుంది గానీ వస్తే తొందరగా పోదు. "లాగండిరా వాణ్ణి బయటికి!" అని గర్జించాడు.

నలుగురు కొండముచ్చులు తోక పట్టుకున్నారు. లాగారు. ఉడుంపట్టు సంగతి ఎవరికి తెలీదు? భయపడితే ఉడుము బయటికి రాదు. ఒళ్లంతా ఉబ్బించి, గోళ్లు దిగేసి, ఉన్నచోటే బిగుసుకుంటుంది. వాళ్లు లాగిన కొద్దీ పట్టాభి ఇంకా ఇంకా లోపలికి పోయాడు.

"ఇంకొంచెం లాగండి బాబూ, ఇంకొంచెం!" అని బుచ్చులు హుషారు చేశాడు. "చాలు. ఇప్పుడు వదిలేయండి."

వదిలేశారు. తోక సర్రున లోపలికి పోయింది. బుచ్చులు చూపించిన బిరడా వీరాసామి తెచ్చి తొర్ర నోట్లో బిగించాడు. గీసినట్టు సరిపోయింది, పక్కన రెండు వేళ్ల సందు తప్ప.

"ఇక గంగులూ, మట్టి తీసుకురా. చుట్టూ గోడ కట్టు. నీ గోడ వాడి గోళ్లకి లొంగదని వాడే సాక్ష్యం చెప్పాడు."

గంగులు మట్టి తెచ్చాడు, కానీ బిక్కమొహం వేశాడు. "నాకు మొయ్యడమే తెలుసండి. కట్టడం రాదు." ఒక ముద్ద పెట్టాడు. జారి ఎలుగుబంటి నెత్తిన పడింది. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. లోపల పట్టాభి బుస కొట్టడం మొదలుపెట్టాడు. బిరడా కదిలింది.

అప్పుడు కొండవైపు గోడలోంచి ఒక గొంతు వచ్చింది.

"ఉత్త మట్టి ఆగదండీ! జువ్వి పండు నమిలి కలపండి. బంక రావాలి. పల్చగా పెట్టి, ముక్కుతో పక్కలకి తట్టండి. నిన్న మేస్త్రీ బాబాయ్ తట్టినట్టు."

అడవి మొత్తం ఆ గోడ వైపు తిరిగింది. గంగులు ముక్కున ఉన్న మట్టి వదిలేశాడు. "నువ్వెందుకు మాట్లాడావ్ నీలాలూ! కీడు..."

"మీరు అనకూడదన్నారు గానీ నన్ను అనొద్దని ఎవరూ చెప్పలేదుగా," అంది నీలాలు. "నిన్న మీరు రానప్పుడే నాకు అర్థమైంది. మీ మీద ఏదో నింద పడింది. అమ్మా, అయ్యా, లోపలున్నది నేనూ నా ఇద్దరు పిల్లలూ. మా ఆయన మోసింది మాకోసమే. ఇంకో గింజ కూడా దాచలేదు."

నిన్న గంగుల్ని చెట్టు మీద వాలొద్దని చెప్పిన వీరాసామి తల వంచుకున్నాడు. ఆయన తనే ఒక పండు కోసి, నమిలి, మట్టిలో కలిపాడు. అది చూసి మిగతావాళ్లూ దిగారు. చిట్టెమ్మ పండ్లు తెచ్చింది. కొండముచ్చులు పిసికారు. నీలాలు గోడ వెనకనుంచి చెబుతూ ఉంటే గంగులు తట్టాడు. మధ్యాహ్నం ఎండకి గోడ గట్టిపడింది. లోపల పట్టాభి గోకాడు, గోకాడు, చివరికి గోళ్లు నొప్పిపుట్టి మానేశాడు.

"ఆ సందు కూడా మూసెయ్యవయ్యా," అన్నాడు వీరాసామి.

"వద్దండి," అన్నాడు గంగులు. "తిండికి ఉండాలి కదండీ."

"వాడికి తిండా! ఎవడు పెడతాడు?"

"నేనెలాగూ ఇటే వస్తాను కదండీ," అన్నాడు గంగులు. అతని బుర్రలో అంతకన్నా పెద్ద లెక్కలు పట్టేవి కావు. ఆ మాటకి బుచ్చులు ముక్కు మీద వేలేసుకునేవాడే, వేలుంటే.

ఆ రోజు నుంచి గంగులు రెండు గోడలకి మోశాడు. కొండవైపు ముగ్గురు, వాగువైపు ఒకడు. మొదటి రెండు రోజులూ పట్టాభి పండ్లు ఉమ్మేశాడు. మూడో రోజు ఒకటి మింగాడు. నాలుగో రోజు గంగులు రెక్కల చప్పుడు వినగానే మూతి సందు దగ్గర పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఎప్పుడైనా ఒక పురుగు దొరికితే గంగులు అదీ తెచ్చిపెట్టేవాడు. "ఇది మీకు ఇష్టమని," అనేవాడు. పట్టాభి దాన్ని మింగి లోపలికి జరిగేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన పట్టుకుంది. కొండ మీద చెట్లు ఫెళఫెళా విరిగిపడ్డాయి. గంగులు ఆ పొద్దు దూరాన ఎక్కడికో పురుగులకి వెళ్లాడు, రాలేదు. బుచ్చులు రెండు గోడలకీ మధ్య మానుని కరుచుకుని తడుస్తున్నాడు. చెట్టు లోపలి చెక్కలోంచి ఒక గొంతు సన్నగా వినిపించింది. పైనుంచి కిందికి.

"అమ్మా... కింద ఉన్నావా?"

"ఉన్నానండి," అంది నీలాలు.

"ఆయనింకా రాలేదు."

"అవునండి."

వాన ఇంకా జోరెక్కింది. తరవాత పట్టాభి అన్నాడు, "వస్తాడంటావా?" ఆ గొంతులో కాపలాదారూ లేడు, చాడీకోరూ లేడు. భయం ఒక్కటే ఉంది. గంగులు రాకపోతే గోడ లోపలివాళ్లు ఆకలితో మాడి చస్తారు; అలాంటి చావుకి నీలాల్నీ పిల్లల్నీ మొన్న తనే ఒప్పగించబోయాడన్న సంగతి వాడికి ఆ క్షణాన గుర్తొచ్చిందో లేదో తెలీదు. బుచ్చులుకి మాత్రం గుర్తొచ్చింది.

"వస్తారండి," అంది నీలాలు. "నేను రోజూ ఇలాగే అనుకుంటాను. రోజూ వస్తారు."

సాయంత్రం వాన తగ్గాక గంగులు వచ్చాడు. ఒక రెక్క ఈక విరిగింది. ఒళ్లంతా ముద్దయింది. రెక్కల చప్పుడు వినగానే రెండు గోడల్లోంచీ ఒకేసారి కేకలొచ్చాయి. వాటిలో ఒకటి పట్టాభిది. బుచ్చులు ఎర్రజుట్టు మీది నీళ్లు విదిలించుకుని నవ్వుకున్నాడు, ఆ నవ్వులో కళ్లు తడిశాయి, అది వాన నీరని తనకి తనే చెప్పుకున్నాడు.

తొలకరి తరవాత ముసురు పట్టింది. గోడలు నానాయి. నీలాలు లోపల్నుంచి తనే గోడ కొట్టుకుని, కొత్త ఈకలతో బయటికొచ్చింది. వెనకే ఇద్దరు పిల్లలు, కొమ్మ మీద తూలుతూ నిలబడ్డారు. అడవంతా చూడటానికొచ్చింది. పాడు కళ్లు పడతాయని గంగులు వాళ్లకి రెక్క అడ్డం పెట్టాడు. అయినా ఎవరూ చూడటం మానలేదు.

అప్పుడు వీరాసామి బుచ్చులుకి సైగ చేశాడు. బుచ్చులు పై తొర్ర బిరడా పీకేశాడు. కొండముచ్చులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. పట్టాభి బయటికొచ్చాడు. సగానికి సగం అయ్యాడు. మూరెడు దూరంలో గంగులు పిల్లలున్నారు, ఇంకా సరిగ్గా ఎగరడం రాని పిల్లలు. కొండముచ్చులు కర్రలు పైకెత్తారు.

పట్టాభి వాళ్ల వైపు చూశాడు. తరవాత ఆకాశం వైపు తల తిప్పి, ఏదో వినడానికన్నట్టు కాసేపు ఆగాడు.

"గంగులు గారు ఇవాళ పండ్లకి వెళ్లలేదేం?" అన్నాడు.

"పిల్లలు బయటికొచ్చారుగా. ఇక వాళ్లే తింటారు," అన్నాడు బుచ్చులు.

"అలాగా," అన్నాడు పట్టాభి. మాను మీంచి మెల్లగా దిగి, వాగు దాటి వెళ్లిపోయాడు. ఆ చెట్టుకి కాపలా ఉంటానని మళ్లీ ఎన్నడూ అనలేదు.

గంగులు మోసుకెళ్లడం కట్టుబాటుకి విరుద్ధం కాదని వీరాసామి అక్కడే, అందరి ముందూ చెప్పాడు. నీలాలు మళ్లీ ఏడాది కూడా బుచ్చులు తొలిచిన ఇంట్లోనే దిగింది. ఇక ఆ పాత తొర్ర నోట్లో, పట్టాభి ఉమ్మిన పండు గింజొకటి పడి, మరుసటి ఏడు రెండాకుల జువ్వి మొలక లేచింది. దాన్ని ఎవరు నాటారని వాగు అవతల చిట్టెమ్మ ఎదురుపడి అడిగితే పట్టాభి ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటాడు.

గోడ లోపలివాళ్లని కబళించాలనుకునేవాడు, ఒక్కరోజు తనే గోడ లోపల కూర్చుని, బయట వినబడే రెక్కల చప్పుడు కోసం ఎదురుచూడాలి.